నాలుగు అతుకుల కాలరు

పన్నెండో ఏడు, 140వ రోజు

ఈ పుస్తకం కొలతలకి పెట్టుకున్నది. ఛాతీ, భుజం, చెయ్యి పొడవు తప్ప ఇందులో పన్నెండేళ్ళుగా వేరే మాట రాయలేదు. నాకు తీరిక ఎక్కడిది? గుండ్రాళ్ళమిట్టలో నాలుగు వందల పన్నెండు మంది ఒళ్ళు కప్పేది నా ఒక్క మిషనే. కానీ ఇవాళ ఒక సంగతి ఎంతకీ తేలక రాస్తున్నాను.

నా టేపు కురచైందని అనుమానం వచ్చింది.

పొద్దున వరసగా ఐదుగురికి కొలతలు తీశాను. ఐదుగురికీ మెడ పోయినేటి కంటే అర అంగుళం పెరిగింది. నడుములు మాత్రం అలాగే ఉన్నాయి. టేపు నేను కుట్టుకున్నదే, మన పత్తి గుడ్డే, ఉతికితే ముడుచుకుని ఉంటుందనుకున్నాను. మిషను బల్లకి బిగించిన ఇత్తడి కొలబద్ద మీద పరిచి చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు.

నా కూతురు మాబున్ని పక్కన కూర్చుని గుండీలు కుడుతోంది. దానికి మూడో నెల.

"బాగా తింటాండారు లే మా. మెడలు నిండినాయి," అంది.

"తిన్నది పొట్టకి పోతాది గానీ మెడకి పోతాదా?"

"అందరిదీ పెరిగితే ఇంగ అదే కొలత గదా."

దాని మాటకి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఐదుగురికీ కాలర్లు పెద్దవిగా కత్తిరించాను.

152వ రోజు

ఇవాళ గిరి కాపలా నా వంతు. ఊరి చుట్టూ సున్నం కొట్టిన రాళ్ళ వరసే గిరి. దాని పక్కన పీట వేసుకుని కూర్చోవాలి, బయటి సరుకుతో ఎవరొచ్చినా వెనక్కి పంపాలి. బయటి వస్తువు లోపలికి రాకూడదు. తెచ్చినవాళ్ళు బయటికి పోవాలి, మళ్ళీ రాకూడదు. అంతే మా కట్టుబాటు. పన్నెండేళ్ళ కింద సరుకుల గొలుసు ఆగిపోయినప్పుడు, మా ఊరి పెద్ద ఓబుళేసన్న మాట మీద పెట్టుకున్నాం. అంతకు ముందు ఏం కావాలన్నా నోటితో అంటే చాలు, మర్నాటికి ఆకాశంలో పెట్టె వచ్చి వాకిట్లో దిగేది. ఇప్పుడు ఆ పెట్టెల్లో కోళ్ళు పొదుగుతున్నాయి.

మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి ఎండు చేపల పోలమ్మ వచ్చింది. ఏటా వస్తుంది, ఏటా పంపేస్తాం. ఎద్దు మీద రెండు గంపలు, నెత్తిన ఒక మూట. రాళ్ళ దగ్గర ఆడుకుంటున్న పిల్లలు ఆమెను చూసి పకపకా నవ్వారు.

"కొంగమెడ! కొంగమెడ!"

నాకూ నవ్వొచ్చింది. నిజంగానే ఆమె మెడ సన్నగా ఉంది, అంత మూట ఎలా ఆగుతోందో అనిపించేంత సన్నగా.

పోలమ్మ కోపం తెచ్చుకోలేదు. పిల్లలని ఒక్కొక్కరినే చూసి, తర్వాత నన్ను చూసింది.

"ఏందమ్మా, మీ ఊళ్ళో అందరికీ గొంతులు ఇట్టా వాచిపోయుండాయే?"

"వాచింది ఎవరికి? నీకే కండ లేదు."

"మీ నాయన గొంతు ఇట్టానే ఉండిందా?"

నా నవ్వు ఆగిపోయింది. మా నాయన నీళ్ళు తాగుతుంటే గొంతు మీది ముడి పైకీ కిందికీ కదిలేది. చిన్నప్పుడు దాన్ని వేళ్ళతో పట్టుకోబోయి తిట్లు తిన్నాను. మా ఊళ్ళో అలాంటి ముడి కనిపించే మొగవాడు ఎవడా అని ఆలోచించాను. పెద్దవాళ్ళలో ఒక్కడి మొహం కూడా గుర్తు రాలేదు. చెయ్యి దానంతటదే నా గొంతు మీదికి పోయింది. మెత్తగా, నిండుగా, పిండిముద్ద లాగా తగిలింది.

153వ రోజు

గుండీలు పోసుకునే సంచి గొలుసు కాలం నాటి ఉప్పు ప్యాకెట్టు. రోజుకి పదిసార్లు చెయ్యి పెట్టేదే. ఇవాళే దాని మీద ఏముందో చదివాను. "అయోడిన్ కలిపిన ఉప్పు." బొమ్మ చెరిగిపోయింది గానీ అక్షరాలు నిలిచాయి.

మా ఉప్పులో మేమేమీ కలపం. అల్లుడు కుళ్ళాయప్ప చౌటి మట్టిని నీళ్ళలో కలిపి, వడగట్టి, పెద్ద బానల్లో కాచి తీస్తాడు. ఊరంతటికీ గర్వం ఆ ఉప్పంటే. ఏటా గిరి దినాన, అంటే గిరి గీసిన రోజున, దాన్నే చిటికెడు నాలుక మీద వేసుకుని బయటిది తేమని ప్రమాణం చేస్తాం.

సంచి పట్టుకుని సుంకమ్మ దగ్గరికి పోయాను. ఊళ్ళో కాన్పులన్నీ ఆమె చేతిమీదే. గొలుసు కాలంలో పెద్దాసుపత్రిలో నర్సు. ప్యాకెట్టు చూడగానే లేచి తలుపు దగ్గరికి వేసింది.

"నీకు తెలుసా?" అన్నాను.

"తెలుసు వదినా. మూడేండ్ల కిందనే ఓబుళేసన్నకు చెప్పినా. ఈ మట్టిలో అది లేదన్నా, సముద్రం చేపల్లో ఉంటాదన్నా, లేకుంటే గొంతులు వాస్తాయన్నా. 'మన మట్టిలోనే యాడో ఉంటాది, ఎతుకు' అన్నాడు. ఎతుకుతాండా."

"గొంతు వాస్తే వాచింది. అంతేనా?"

సుంకమ్మ నా సంచి తీసుకుని, గుండీలన్నీ ఒళ్ళో పోసుకుని, తెల్లవి ఒక పక్క, నల్లవి ఒక పక్క ఏరడం మొదలుపెట్టింది.

"మన పిల్లోళ్ళు ఏడవరని అందరూ మురుస్తాంటారు గదా," అంది కాసేపటికి. "బిడ్డంటే ఏడవాల వదినా. ఆకలైతే ఊరు లేపాల. ఈ నాలుగేండ్లలో నేను తీసిన బిడ్డలు నిద్రపోతాండారు. మాటలు రావాల్సిన ఈడుకు మాటలు రాలే. తల్లి ఒంట్లో అది లేకుంటే కడుపులో బిడ్డ తలకాయ ఎదగదు."

నా కూతురికి మూడో నెలని ఆమెకి తెలుసు. ఇద్దరం గుండీలు ఏరుతూ కూర్చున్నాం. నాకు భయమేసింది. గొలుసు ఆగిన రోజున కూడా ఇంత భయపడలేదు.

157వ రోజు

పోలమ్మ ఇంకా కొండ మలుపు దగ్గరే ఉంది, ఎద్దు కాలికి దెబ్బ తగిలిందట. కాపలా వంతు మార్చుకుని పోయి ఆమెకి రెండు రవికలు కుట్టిచ్చాను. ఊరికే మెడ కూడా కొలిచాను. పన్నెండున్నర అంగుళాలు. ఈ పుస్తకంలో పెద్దమనిషి మెడ అంత చిన్నది రాసి ఆరేళ్ళైంది.

గంప అడుగు నుంచి మంచి చేపలు ఏరి ఇచ్చింది. "రెండు నెలలకోసారి తీసకొస్తాలే. మీ సజ్జలూ ఈ గుడ్డా మా రేవులో దొరకవు. మాకూ కావాల్సిందే," అంది.

పైట కింద పెట్టుకుని గిరి దాటాను. పన్నెండేళ్ళలో నేను చేసిన మొదటి దొంగతనం.

ఎండు చేపను దాచడం కంటే ఏనుగును దాచడం తేలిక. దంచి పొడి చేసి, గుడ్డలకి పెట్టే గంజి కుండ వెనక పెట్టాను. ఆ గంజిని కావాలనే పులియబెట్టాను. పొడి చల్లిన సంగటి ముందు పెట్టగానే మాబున్ని ముక్కు మూసుకుంది.

"ఏం కంపు మా ఇది?"

"గంజి పులిసింది. తిను."

"గంజి పులిస్తే నా సంగట్లో ఎందుకేస్తాండావు?"

దానికి నా తెలివే వచ్చింది, ఏం చెయ్యను? మొత్తం చెప్పాను. విని కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత ముద్ద చేసుకుని మింగింది.

"ఆయనకి చెప్పొద్దు మా. ఆ ఉప్పంటే ఆయనకి పానం," అంది.

247వ రోజు

ఓబుళేసన్న తన గిరి అంగీ తెచ్చాడు. గిరి గీసిన రోజున పెద్దవాళ్ళు ఆడా మగా అందరికీ ఒకే తీరు అంగీలు నేనే కుట్టాను. ఏటా ఆ దినాన అవే తొడుక్కుని, పై గుండీ దాకా పెట్టుకుని, మళ్ళీ ప్రమాణం చెయ్యాలి. ఆ గుడ్డతో ఇచ్చిన మాట ఆ గుడ్డతోనే నిలబెట్టుకోవాలని ఆయనే పెట్టిన ఆనవాయితీ.

మెడకి చుట్టుకున్న తువాలు విప్పాడు. నేను చూపు తిప్పుకున్నాను.

"ఈ తూరి రొంత ఎక్కువే వదులు చెయ్యి తల్లీ. పోయినేడు ఉప్పు గూడ మింగలేకపోతి," అన్నాడు. గొంతు బొంగురుగా ఉంది.

కాలరు తిరగేశాను. వెనకవైపు, మడత కింద నేనే వేసిన అతుకులు నాలుగు. ఏడాదికొకటి, అర అంగుళం చొప్పున. ప్రతి అతుకూ వేసింది నా చెయ్యే. ప్రతిసారీ ఏదో ఒక ఎకసెక్కెం ఆడుతూ వేశాను, బాగా బలుస్తున్నావన్నా అని. ఇప్పుడు నా నోటిని నేనే కొట్టుకోవాలనిపించింది.

"ఇంకెన్ని వెయ్యమంటావన్నా?"

"పట్టినన్ని."

"సుంకమ్మ నీకు ఏదో చెప్పిందంట గదా."

ఆయన తువాలు మడిచి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"నా మనవడు గుర్తుండాడా నీకు? యాభై మూడు దినాల బిడ్డ. తల్లికి పాలు లేకపోతే పొడి పాలు పెట్టెలో వస్తాండె. ఒక దినం పెట్టె రాలే. ఆ పొడి ఏ దేశంలో చేస్తారో, ఎవరు పంపుతారో, ఎవరిని అడగాల్నో నాకు తెల్దు. తెలియని చేతుల్లో బిడ్డను పెట్టినాం మనం. ఇంగ పెట్టం."

అందులో ఒక్క మాట అబద్ధం లేదు. ఆ బిడ్డకి కప్పిన గుడ్డ కూడా నేనే చింపి ఇచ్చాను. ఆయన గిరి గియ్యకపోతే ఆ ఏడు మేమంతా ఆకలితో పోయేవాళ్ళం. చెరువు పూడిక తీయించింది, సజ్జలు పంచింది, మగ్గాలు పెట్టించింది అన్నీ ఆయనే. అందుకే ఆయన మీద అరవలేక ఏడుపొచ్చింది.

"పోలమ్మ తెలియని చెయ్యి కాదు గదన్నా. ఏడు దినాల నడక. మొగమెరిగిన మనిషి. ఆమె రాకుంటే మనమే పోయి అడగొచ్చు."

"గొలుసు గూడ మొదట ఒక గంపతోనే వచ్చుంటాది," అన్నాడు. లేచి తలుపు దగ్గర ఆగి గాలి పీల్చాడు. "ఏందో కంపు."

"గంజి పులిసిందన్నా."

నా వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

336వ రోజు

తెల్లవారుతుండగా మాబున్నికి ఆడపిల్ల పుట్టింది. పుట్టీ పుట్టగానే ఇంటికప్పు ఎగిరిపోయేలా ఏడ్చింది. బొడ్డు కోస్తున్న సుంకమ్మ కూడా ఏడ్చేసింది. నేను మాత్రం ఏడవలేదు, నాకు ఎగరాలనిపించింది.

పొద్దెక్కేసరికి వాకిట్లో జనం. పాలు తాగి అరగంట కాగానే పిల్ల మళ్ళీ అందుకుంటోంది.

"ఏమైందమ్మా బిడ్డకి?"

"కడుపునొప్పేమో."

"ఇట్లా అరిస్తే బతుకుతాదా? దిష్టి తియ్యండి."

ఒకావిడ తన రెండేళ్ళ బిడ్డను చంకనేసుకుని వచ్చింది. ఆ బిడ్డ తల వాల్చి, నాలుక కొంచెం బయటికి పెట్టి మా గోడ వైపు చూస్తోంది. "మావాడు చూడు ఎంత బుద్ధిమంతుడో, పుట్టినప్పటి నుంచి ఒక్క అల్లరి లేదు," అంది నన్ను ఓదారుస్తూ. నేను ఆ బిడ్డ కాలు నిమిరాను. చల్లగా ఉంది. ఆమెకి ఏం చెప్పాలో తెలియక లోపలికి వచ్చేశాను.

339వ రోజు

ఓబుళేసన్న వచ్చి గడప బయటే నిలబడ్డాడు. పిల్ల ఏడుస్తున్నంతసేపూ కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఇట్లాంటి ఏడుపు విని శానా ఏండ్లాయ. నా మనవడు ఇట్లనే ఏడుస్తాండె," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "మాబున్ని ఏం తినింది?"

"గిరి దినం నాడు చెప్తానన్నా. అంతవరకు ఆగు."

"ఆగుతా. పచ్చి బాలింతను బయటికి పంపే పాపం నాకొద్దు."

ఆయనకి తెలిసిపోయింది. కుళ్ళాయప్పకి కూడా చెప్పాం. వాడు బానల దగ్గరికి వెళ్ళి, ఆ రోజు పొయ్యి వెలిగించకుండా తిరిగొచ్చాడు. పిల్లని తీసుకుని సాయంత్రం దాకా ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

361వ రోజు

నూట ఎనభై మూడు గిరి అంగీలు వచ్చాయి, కాలర్లు వదులు చెయ్యడానికి. నేను వదులు చెయ్యడం లేదు. ఉన్న అతుకులు విప్పుతున్నాను. ఏడాదివీ, రెండేళ్ళవీ, నాలుగేళ్ళవీ అన్నీ విప్పి, మొదటి రోజు ఎలా కుట్టానో అలా కుట్టి ఇస్త్రీ చేస్తున్నాను. విప్పిన గుడ్డ పీలికలతో గంప నిండింది.

"ఎవరికీ చెప్పకుండా మనమే గమ్మున బయటికి పోతే సాలదా మా," అంది మాబున్ని.

"గమ్మునుంటే సుంకమ్మ చేతికి రాబోయే ఏడుగురు బిడ్డలూ నిద్రపోతారు."

అది పిల్లని కుళ్ళాయప్పకి ఇచ్చి, కత్తెర తీసుకుని నా పక్కన కూర్చుంది.

పదమూడో ఏడు, 1వ రోజు

ఆనవాయితీ ప్రకారం అంగీలు మైదానంలోనే పంచాను. అందరూ తొడుక్కున్నారు. కింది గుండీలు పెట్టుకున్నారు. పై గుండీ దగ్గర చేతులు ఆగిపోయాయి.

నవ్వులు మొదలై, కాసేపట్లోనే అణిగిపోయాయి. అందరూ ఒకరి గొంతు ఒకరు చూసుకుంటున్నారు. నూట ఎనభై మూడు మంది తెరుచుకున్న కాలర్లతో, మధ్యలో ఉబ్బిన గొంతులతో నిలబడ్డారు. రాతి మీద ఓబుళేసన్న. అంగీ ఆయన భుజాల మీద వదులుగా వేలాడుతోంది, మనిషి అంత చిక్కిపోయాడు. కాలరు మాత్రం నాలుగు వేళ్ళ దూరంలో ఆగిపోయింది. లాగాడు. మళ్ళీ లాగాడు.

"మొదటి రోజు కొలత అది," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "గుడ్డ మారలేదు, దారం మారలేదు. మన ఉప్పులో ఒకటి లేదు. అది సముద్రం చేపలో ఉండాది. నా కూతురికి నేనే తెచ్చి పెట్టినా. ఆ బిడ్డ ఏడుపు మీరంతా విన్నారు. మీ బిడ్డలు ఎందుకు ఏడవరో సుంకమ్మను అడగండి."

సుంకమ్మ తల వంచుకుని, "నిజమే," అంది. సరిగ్గా అప్పుడే నా మనవరాలు ఏడుపు అందుకుంది.

ఓబుళేసన్న పళ్ళెంలోని ఉప్పు వైపు చాలాసేపు చూశాడు. ఇప్పుడు మారతాడు అనుకున్నాను. చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాడు. మింగడానికి కష్టపడ్డాడు.

"ఈ అంగీలు పాతబడినాయి," అన్నాడు. "వచ్చే ఏటికి కొత్తవి కుట్టించుకుందాం. కాలరు లేకుండా."

మైదానమంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ కొట్టారు. అంత హాయిగా కొట్టారు, చూస్తే నాకు ఒళ్ళు చల్లబడింది. వరసలో నిలబడి ఒక్కొక్కరే వచ్చి ఉప్పు నాలుక మీద వేసుకుంటుంటే, కట్టుబాటు ప్రకారం బయటికి పోవడానికి మేము సామాను సర్దుకున్నాం. మిషనును కుళ్ళాయప్ప నెత్తిన పెట్టుకున్నాడు.

4వ రోజు

కొండ మలుపు దగ్గర పోలమ్మ వేసిన పందిరి కింద ఉన్నాం. గిరి రాళ్ళు ఇక్కడికి కనిపిస్తాయి.

పొద్దున సుంకమ్మ వచ్చింది. వెనక ఆరుగురు కడుపుతో ఉన్నవాళ్ళు, చేతుల్లో సంగటి ముంతలు. అంతా రాళ్ళ దగ్గర ఆగారు. కాపలా మనిషి లేచి నిలబడ్డాడు.

"లోపలికి తేకూడదు వదినా, అది నాకు తెలుసు," అంది సుంకమ్మ అతనికి కూడా వినిపించేలా. "మనుషులు బయటికి పోగూడదని, తిని రాగూడదని ఏ ప్రమాణంలోనూ లేదు."

రాళ్ళు దాటి వచ్చారు. ముంతలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. పోలమ్మ కాల్చిన చేపలు వడ్డించింది. ఒకామె ముక్కు మూసుకుని తింటుంటే మాబున్ని నవ్వింది. తిన్నాక నోళ్ళు కడుక్కుని, వట్టి చేతులతో తిరిగి లోపలికి పోయారు. కాపలా మనిషి చేతులు వెతికాడు, ముంతలు వెతికాడు. ఏమీ దొరకలేదు.

11వ రోజు

తొమ్మిది మంది వచ్చారు. ఇద్దరు చంటిబిడ్డల్ని కూడా తెచ్చారు. రెండేళ్ళ ఆ బుద్ధిమంతుడి తల్లి కూడా వచ్చింది. "వీడికి ఇప్పుడు పెడితే మాటలొస్తాయా?" అని సుంకమ్మని అడిగింది. సుంకమ్మ "పెట్టు" అంది గానీ "వస్తాయి" అనలేదు.

గిరి రాళ్ళ మీద ఓబుళేసన్న మనుషులు ఇంకో వరస రాళ్ళు పేరుస్తున్నారు. మట్టి తొక్కి మెత్తుతున్నారు.

16వ రోజు

ఓబుళేసన్న గోడ దగ్గర కూర్చున్నాడు, మెడకి తువాలు చుట్టుకుని. నేను దగ్గరికి పోయి, "అన్నా, నువ్వూ రా. రెండు ముద్దలు తిను," అన్నాను. తల అడ్డంగా ఊపాడు. మాట్లాడడానికి గొంతు లేదనుకుంటాను. చేత్తో మేస్త్రీలకి సైగ చేశాడు, ఇంకో వరస వెయ్యమని.

వచ్చినవాళ్ళు పదకొండు మంది. గోడ ఎత్తు ముప్పై నాలుగు అంగుళాలు.

20వ రోజు

గోడ నలభై ఎనిమిది అంగుళాలు. నా టేపుతో కొలిచాను. ఎనిమిదో నెల ఆమె ఎక్కలేక అవతలే నిలబడిపోయింది. గోడ మీద చేతులు ఆనించి లేవబోయింది గానీ కాలు ఎత్తలేకపోయింది. ఇవతల నుంచి మేము చేపను గోడ మీదుగా అందించబోతే, అవతల కాపలా మనిషి కర్ర ఎత్తాడు. గోడ మీదుగా ఏ వస్తువూ పోకూడదట. మనుషులు పోతే మాత్రం ఇంకా ఏమీ అనడం లేదు.

పోలమ్మ ఎద్దు మీద వేసే పట్టీలు, గొలుసు పెట్టెలకి ఉండే పాత గుడ్డ తాళ్ళు, నా గంపలోని కాలరు అతుకులు అన్నీ కలిపి నిచ్చెన కుడుతున్నాను. రేపు పొద్దున మనుషులు ఎక్కి దిగడానికి గోడకి అటూ ఇటూ వేలాడేలా కట్టాలి. అతుకులన్నీ మెట్లకే వాడుతున్నాను, మూడేసి పొరలు వేస్తే బరువు ఆగుతుంది.

మెట్టుకీ మెట్టుకీ మధ్య తొమ్మిది అంగుళాలు. కడుపుతో ఉన్నవాళ్ళకి అంతకంటే ఎక్కువ పెట్టకూడదు.